చేప ఒంట్లోని మంచినీరు: సముద్ర క్షీరదాల దాహం గురించి సాగిన అన్వేషణ

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువుల, అంటే క్షీరదాల, నెత్తురులోని ఉప్పదనం అందులో మూడో వంతు మాత్రమే. తిమింగలం, డాల్ఫిన్, సీల్ వంటివి ఒకప్పుడు నేలమీద తిరిగిన జంతువుల సంతతి కాబట్టి వాటి నెత్తురు కూడా ఇంచుమించు మనిషి నెత్తురంత పలచని ఉప్పదనంతోనే ఉంటుంది గాని, అవి ఈదే నీటిని పోలి ఉండదు. ఏరూ చెరువూ లేని చోట, కురిసిన వాన కురిసినట్టే ఉప్పులో కలిసిపోయే చోట, ఇవి ఒంట్లో నీటిని ఎలా నిలుపుకుంటున్నాయన్న ప్రశ్నకు సరైన సమాధానం 20వ శతాబ్దంలో గాని దొరకలేదు. ఆ ఆలస్యానికి పరికరాల కొరత ఒక్కటే కారణం కాదు. ప్రశ్న వేసిన తీరు కూడా చాలాకాలం పరిశోధకులను దారి తప్పించింది. ఉప్పునీరు తాగి ఈ జంతువులు ఎలా తట్టుకుంటున్నాయని అడిగినంత కాలం అందరి చూపూ మూత్రపిండం మీదే నిలిచింది. అసలు ఇవి తాగుతున్నాయా, తాగకపోతే నీరు ఎక్కడినుంచి వస్తోంది అని అడిగిన తరువాతనే ఆ చూపు వాటి ఆహారం మీదికి మళ్లింది.

మొదటి ప్రశ్న వెనుక ఉన్నది మనిషి అనుభవం. మూత్రపిండం నెత్తురును వడగట్టి, పనికివచ్చే నీటిని వెనక్కి తీసుకుని, మిగిలిన ఉప్పునూ వ్యర్థాలనూ కొద్దిపాటి నీటితో బయటికి పంపుతుంది. ఆ మూత్రాన్ని ఎంత చిక్కగా చేయగలదన్న దానిమీదే ఒంట్లో ఎంత నీరు మిగులుతుందన్నది ఆధారపడుతుంది. ఉప్పులో సోడియంతో జతగా ఉండే క్లోరైడ్‌ను కొలబద్దగా తీసుకుంటే, సముద్రపు నీటిలో అది లీటరుకు దాదాపు 535 మిల్లీమోల్‌లు ఉంటుంది. కరిగిన కణాలను లెక్కించడానికి రసాయన శాస్త్రం వాడే కొలత మిల్లీమోల్. మనిషి మూత్రపిండం ఆ క్లోరైడ్‌ను 400 దాకా చిక్కబరచగలదు, అంతకు మించి దాని తరం కాదు. కనుక ఒక లీటరు సముద్రపు నీరు తాగినవాడు ఆ ఉప్పును వదిలించుకోవడానికి లీటరు మీద మరో 350 మిల్లీలీటర్ల మూత్రం పోయవలసి వస్తుంది. ఆ అదనపు నీరు అతని ఒంటినుంచే పోతుంది. తాగేకొద్దీ దాహం పెరగడమంటే అక్షరాలా ఇదే. సముద్రపు నీటిలోని మెగ్నీషియం లవణాలు విరేచనాలు కలిగిస్తాయి కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగి పడవల మీద కొట్టుకుపోయిన బ్రిటిష్ నావికుల వివరాలను ఆర్.ఎ. మెకాన్స్, ఎల్సీ విడోసన్ మొదలైనవారు సేకరించి 1956లో ప్రకటించారు. సముద్రపు నీరు తాగినట్టు నమోదైన పడవల్లో సుమారు 39 శాతం మంది చనిపోగా, తాగని పడవల్లో ఆ సంఖ్య 3 శాతం దగ్గర ఆగింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్న మనుషుల సంఖ్యను తలచుకుంటే, ఈ ప్రశ్న వట్టి పుస్తక జ్ఞానానికి సంబంధించినది కాదని తెలుస్తుంది.

సముద్ర క్షీరదాల మూత్రపిండం మీద ఆసక్తి ఈ లెక్కలకంటే చాలా పాతది. సీల్ మూత్రపిండం ఎద్దు మూత్రపిండాన్ని పోలి ఉంటుందని క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ తిమింగలాల శరీర నిర్మాణం మీద ఒక పెద్ద వ్యాసాన్ని 1787లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. తిమింగలం శరీరం శాస్త్రజ్ఞుడి బల్లమీదికి రావడం ఆ రోజుల్లో అంత తేలిక కాదు. హంటర్ తన సొంత డబ్బు పెట్టి, గ్రీన్‌లాండ్ దిక్కుగా వేటకు పోయే ఓడలో ఒక వైద్యుణ్ణి పంపిస్తే, అతడు తిరిగి తెచ్చినది చిన్న జీవులు అంటుకున్న ఒక తిమింగలం చర్మపు ముక్క మాత్రమే. అయినా ఇంగ్లండు తీరానికి కొట్టుకొచ్చిన జంతువులను కోసి చూసి హంటర్ నమోదు చేసిన విషయాల్లో మూత్రపిండపు వర్ణన చాలా విలువైనది. మనిషిలో అది చిక్కుడు గింజ ఆకారంలో ఒకే ముద్దగా కనిపిస్తే, తిమింగల జాతుల్లో అది ద్రాక్ష గుత్తిలా ఉంటుంది. పలచని పొర తొలగించి చూస్తే గోళీల్లాంటి చిన్న చిన్న మూత్రపిండాలు నాళాలతో, రక్తనాళాలతో మాత్రమే ఒకదానికొకటి కూడి ఉంటాయి. డాల్ఫిన్‌లో ఒక్కో వైపు ఇలాంటివి వందలు, పెద్ద తిమింగలంలో వేలు.

ఇంత విచిత్రమైన అవయవాన్ని చూసినవారు అది ఉప్పును తోడిపోయడానికే పుట్టిందని అనుకోవడం సహజం. ఆ ఊహ దాదాపు రెండు శతాబ్దాలు నిలిచింది. దానికి ఎదురుసాక్ష్యం మాత్రం మొదటినుంచీ కళ్లముందే ఉంది. ఎద్దు మూత్రపిండం కూడా గడ్డలు గడ్డలుగానే ఉంటుంది. ఎలుగుబంటికీ, మంచినీటి ఏరుల్లోనూ కోరింగ మడ అడవుల్లోనూ చేపలు పట్టుకు తినే నీటికుక్కకూ ఉన్నది గుత్తి మూత్రపిండమే. ఒకే ముద్దగా ఉండే ఇంటి పిల్లి మూత్రపిండం చాలా తిమింగలాల మూత్రపిండంకంటే చిక్కని మూత్రాన్ని తయారు చేయగలదు. పిల్లులు సముద్రపు నీటిని కొంత మేరకు వాడుకోగలవని 1959లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూపింది కూడా. గుత్తి ఆకారం శరీరపు పరిమాణానికి సంబంధించినదై ఉండవచ్చు. మూత్రాన్ని వడగట్టే సూక్ష్మనాళాల పొడవుకు హద్దు ఉంటుంది కాబట్టి, పెద్ద శరీరానికి ఒక మహా మూత్రపిండం కంటే అనేక చిన్న మూత్రపిండాలే అనువుగా ఉంటాయి. ఆకారాన్ని చూసి పనిని ఊహించడం ఎంత ప్రమాదకరమో ఈ ఉదాహరణ చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

ఊహ నుంచి కొలతకు మొదటి అడుగు నార్వేలో పడింది. తిమింగలాల వేట ఆ దేశానికి పెద్ద పరిశ్రమగా ఉన్న రోజుల్లో, 1921లో, రసాయన శాస్త్రజ్ఞుడు సిగ్వాల్ ష్మిట్-నీల్సన్ యొహానెస్ హోల్మ్‌సెన్‌తో కలిసి తిమింగలాల మూత్రపు కూర్పు గురించి ఫ్రెంచి భాషలో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించాడు. తరువాతి పాఠ్యపుస్తకాల్లో తిమింగలం మూత్రంలో క్లోరైడ్ 820 మిల్లీమోల్‌ల దాకా ఉంటుందన్న అంకె స్థిరపడింది. ఆ అంకె ప్రకారం ఒక లీటరు సముద్రపు నీరు తాగిన తిమింగలం సుమారు 650 మిల్లీలీటర్ల మూత్రంతో ఉప్పునంతా వదిలించుకుని, 350 మిల్లీలీటర్ల మంచినీటిని మిగుల్చుకోగలదు. మనిషి పోగొట్టుకునేంత నీటినే తిమింగలం సంపాదించుకుంటుందన్నమాట. ఈ లెక్క నిజమే. అయితే అది తిమింగలం ఏమి చేయగలదో చెబుతుంది గాని, ఏమి చేస్తుందో చెప్పదు. చచ్చిన జంతువు మూత్రాశయంలో దొరికిన ద్రవం, అది చివరిగా తాగిందా తిన్నదా అన్న విషయాన్ని విప్పి చెప్పలేదు.

అసలు తాళంచెవి తిమింగలంలో కాక చేపలో దొరికింది. అమెరికా ఈశాన్య తీరాన మెయిన్ రాష్ట్రంలో మౌంట్ డెజర్ట్ దీవి మీద, 1921 నుంచి సాలిస్‌బరీ కోవ్ అనే చోట ఒక చిన్న జీవశాస్త్ర ప్రయోగశాల ఉంది. మొదట 1898లో అది అదే రాష్ట్రంలో మరో తీరగ్రామంలో మొదలైంది. వేసవిలో నగరాల ప్రొఫెసర్లు ఆ దీవికి చేరి, తీరంలో దొరికిన చేపల మీదా సీల్‌ల మీదా పనిచేసేవారు. వారిలో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన హోమర్ స్మిత్ 20వ శతాబ్దపు మూత్రపిండ శాస్త్రానికి పెద్దదిక్కు అనదగినవాడు. సముద్రపు చేపలు ఉన్న నీటిలో పేగు పీల్చుకోని ఎర్రటి రంగును కలిపి, ఆ రంగు చేప పేగులో ఎంత చిక్కబడుతుందో చూసి, అవి సముద్రపు నీటిని నిజంగానే తాగుతున్నాయని 1930లో ఆయన నిరూపించాడు. పేగు నీటినీ దానితోపాటు ఉప్పులో ఎక్కువ భాగాన్నీ పీల్చుకుంటుంది, రంగు మాత్రం పేగులోనే మిగిలి ముదురుతుంది. అలా లోపలికి చేరిన ఉప్పు ఎటు పోతున్నదో కోపెన్‌హేగన్‌లో ఆగస్ట్ క్రోగ్ ప్రయోగశాలలో పనిచేసిన యువ పరిశోధకుడు ఆన్సెల్ కీస్ తేల్చాడు: ఈల్ చేప మొప్పలు క్లోరైడ్‌ను నెత్తురునుంచి సముద్రంలోకి నెట్టివేస్తాయి. కొవ్వుకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం గురించిన చర్చల్లో తరువాత ప్రపంచమంతా విన్న పేరు ఈ కీస్‌దే.

దీని అర్థం ఏమిటంటే, చేప తన జీవితమంతా సముద్రపు నీటిని తాగుతూ, ఉప్పును మొప్పల ద్వారా వదిలిపెడుతూ, తన ఒంట్లో సముద్రంలో మూడో వంతు ఉప్పదనం మాత్రమే ఉన్న నీటిని నిలుపుకుంటుంది. ఆ పనికి అయ్యే శక్తి ఖర్చంతా చేపదే. దాన్ని మింగిన సీల్‌కు శుద్ధి అయిన నీరు ఏ శ్రమా లేకుండా అందుతుంది. ఈ పోలికను టొరంటోలో పనిచేస్తున్న లారెన్స్ ఇర్వింగ్, సహచరులు ఫిషర్, మెకింటాష్‌లతో కలిసి 1935లో లెక్క కట్టి చూపాడు. ఒక హెర్రింగ్ చేపను తీసుకుంటే దాని బరువులో మూడింట రెండు వంతుల దాకా నీరే ఉంటుంది. మిగతా భాగంలోని కొవ్వూ మాంసకృత్తులూ ఒంట్లో కాలినప్పుడు మరికొంత నీరు పుడుతుంది: వాటిలోని హైడ్రోజన్ పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌తో కలవడంవల్ల ఏర్పడే ఈ నీటిని జీవక్రియా జలం అంటారు, ఒక గ్రాము కొవ్వు కాలితే దాదాపు 1.07 గ్రాముల నీరు వస్తుంది. రెండో వైపు పద్దులో ఊపిరితో పోయే ఆవిరి, మలంలోని తేమ, మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే యూరియాను బయటికి పంపడానికి కావలసిన మూత్రం ఉంటాయి. చెమట అన్నది వీటికి దాదాపు లేదు. ఈ జమాఖర్చు సరిపోతున్నదని, సీల్‌కు ఒక్క గుక్క సముద్రపు నీరు కూడా అవసరం లేదని ఇర్వింగ్ బృందం తేల్చింది. మరుసటి ఏడాది, 1936లో, స్మిత్ సీల్ మూత్రపు కూర్పును నేరుగా కొలిచి అదే నిర్ణయానికి వచ్చాడు. చేప తిన్న కొద్ది గంటల్లోనే సీల్ మూత్రపిండం నెత్తురును వడగట్టే వేగం బాగా పెరిగి, భోజనం లేని వేళ తగ్గిపోవడాన్ని హయట్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు 1942లో మరింత వివరంగా చూపించారు. ఆహారమే దాని నీటి వనరు అనడానికి ఇంతకంటే స్పష్టమైన సూచన ఉండదు.

ఈ ఫలితాలన్నిటినీ ఒకచోట కూర్చినవాడు 1920లో నోబెల్ బహుమతి పొందిన క్రోగ్. నీటిలో బతికే జంతువులు ఒంట్లో ఉప్పునూ నీటినీ ఎలా సమతూకంలో ఉంచుకుంటాయన్న దానిమీద 1939లో వెలువడిన ఆయన పుస్తకం ఆ రంగానికి చాలాకాలం ఆధారగ్రంథమైంది. ఈ చరిత్రలో ఒక కుటుంబ సంబంధం కూడా ఉంది, దాన్ని చెప్పకుండా దాటడం సబబు కాదు. తిమింగలాల మూత్రాన్ని కొలిచిన సిగ్వాల్ కుమారుడు క్నూట్ ష్మిట్-నీల్సన్. ఆయన పెళ్లాడినది క్రోగ్ కుమార్తె బోడిల్‌ను. ఈ ఇద్దరూ అమెరికా చేరి అరిజోనా ఎడారిలోని కంగారూ ఎలుకను పరిశీలించారు. నీళ్లు తాగకుండా పొడి గింజలతో బతికే ఆ చిన్న ప్రాణికి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న సోయా గింజలు పెట్టి నీటి అవసరం పెంచి, తాగడానికి సముద్రపు నీరు ఇస్తే అది తాగి బాగానే బతికింది. సముద్రం మొహం చూడని ఎడారి ఎలుక మూత్రపిండం ఈ పనిలో తిమింగలాన్ని మించిపోయిందని 1950లో తేలడంతో, సముద్ర క్షీరదాల రహస్యం మూత్రపిండంలో లేదన్న మాట మరింత బలపడింది. బోడిల్ తరువాత అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీకి అధ్యక్షురాలైన మొదటి మహిళ అయింది; క్నూట్ మౌంట్ డెజర్ట్ దీవి మీదనే 1957లో నీటికాకి కళ్ల దగ్గరి గ్రంథి ఉప్పును ముక్కు మీదుగా వదలడాన్ని కనిపెట్టాడు. పక్షులకు ఉన్న ఆ గ్రంథి క్షీరదాలకు లేదు.

సీల్ మార్గాన్ని మనిషి అనుకరించే ప్రయత్నం కూడా 1950ల దశాబ్దంలోనే జరిగింది. ఫ్రెంచి వైద్యుడు అలాన్ బొంబార్ 1952లో ఒక చిన్న రబ్బరు పడవ మీద కానరీ దీవులనుంచి బార్బడోస్ దాకా 65 రోజులు ప్రయాణించి, చేపలను పిండి తీసిన రసం, వాననీరు, కొద్ది కొద్దిగా సముద్రపు నీరు తాగి బతికానని ప్రకటించాడు. తీరం చేరేసరికి ఆయన సుమారు 25 కిలోల బరువు కోల్పోయాడు. కొన్నేళ్ల తరువాత అదే అట్లాంటిక్‌ను దాటిన జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమన్ సముద్రపు నీటి గురించి బొంబార్ చెప్పినదాన్ని ఖండించాడు. చేప రసంలో మాంసకృత్తులూ ఉప్పూ ఉంటాయి. వాటి వ్యర్థాన్ని సీల్ అతి చిక్కని మూత్రంతో పంపగలదు, మనిషి అంతగా పంపలేడు. ఇద్దరికీ ఆహారం ఒకటే అయినా దాని నుంచి మిగిలే నీరు ఒకటి కాదు. మూత్రపిండపు అసలు పాత్ర ఇక్కడ కనిపిస్తుంది: అది సముద్రాన్ని వడగట్టడానికి కాదు, చేప తెచ్చిన నీటిని వృథా కానివ్వకుండా చూడడానికి.

1970ల నుంచి ఒక కొత్త సాధనం అందుబాటులోకి వచ్చి వాదాలను చాలావరకు తీర్చింది. మామూలు హైడ్రోజన్‌కు బదులు ట్రిటియం అనే రేడియోధార్మిక రూపం ఉన్న నీటిని కొద్దిగా జంతువులోకి ఎక్కించి, అది ఎన్నాళ్లలో ఎంత పలచబడుతుందో చూస్తే ఒంట్లోకి వచ్చిపోయే నీటి మొత్తం తెలుస్తుంది. అలాగే గుర్తుపెట్టిన సోడియంను చూస్తే అందులో సముద్రపు నీటి వాటా ఎంతో తేలుతుంది. కెనడాలో డెపోకాస్, హార్ట్, ఫిషర్ ఈ పద్ధతితో సీల్‌లను పరిశీలించి, అవి సముద్రపు నీటిని తీసుకునేది బహుస్వల్పమని 1971లో చూపారు. అంతకు ముందు ఏడాది కాలిఫోర్నియా సీ లయన్‌లు చేపలు మాత్రమే తిని, మంచినీరు లేకుండా 45 రోజులు ఆరోగ్యంగా ఉన్నట్టు పిల్సన్ ప్రకటించాడు. డాల్ఫిన్‌లు కొద్దిగా తాగుతాయని అదే ఏడాది టెల్ఫర్ బృందం చెప్పింది. 1981లో హుయ్ డాల్ఫిన్ల మీద చేసిన కొలతల్లో మరో ఆశ్చర్యం బయటపడింది: ఒంట్లోకి వచ్చిపోయే నీటిలో పెద్ద భాగం చర్మం గుండానే కదులుతోంది. తాగడమా తినడమా అని రెండే దారులను లెక్కించినవారు ఊహించని మూడో దారి అది.

నీటి పొదుపు ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే కాలిఫోర్నియాలోని ఆన్యో న్యూవో తీరాన ఏనుగు సీల్ పిల్లను చూడాలి. తల్లి ఒడ్డున ఏమీ తినక తాగక దాదాపు నాలుగు వారాలు పాలిస్తుంది. ఆ కాలంలో పాలలో నీరు తగ్గుతూ కొవ్వు పెరుగుతూ చివరికి సగానికి పైగా కొవ్వే అవుతుంది, అంటే తల్లి తన నీటిని దాచుకుంటూనే బిడ్డకు నీటిని కొవ్వు రూపంలో మూట కట్టి ఇస్తోందన్నమాట. తరువాత తల్లి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్ల ఇసుక మీదే రెండు మూడు నెలలు ఆహారం గాని నీరు గాని ముట్టకుండా గడుపుతుంది. ఒర్టీజ్, కోస్టా, ల బఫ్ 1978లో ప్రకటించిన కొలతల ప్రకారం ఆ పిల్లకు నీరు తన కొవ్వు కాలడంవల్లే దొరుకుతోంది. మాంసకృత్తులను అది చాలా కొద్దిగా మాత్రమే వాడుతుంది కాబట్టి యూరియా తక్కువ, మూత్రం కూడా తక్కువ. ఊపిరిలో పోయే తేమను ముక్కు ఆపుతుంది: నాసిక లోపల పలచని ఎముక రేకులు ముడతలు ముడతలుగా చుట్టుకుని ఉండి, లోపలికి పోయే చల్లగాలితో చల్లబడి, బయటికి వచ్చే వెచ్చని గాలిలోని ఆవిరిని మంచులా తమ మీదే నిలుపుకుంటాయి. 1984లో హంట్లీ, కోస్టా, రూబిన్ ఈ పొదుపును కొలిచారు. నిద్రలో పిల్ల నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టడంవల్ల ఆవిరి నష్టం మరింత తగ్గుతుంది.

చేప ఇచ్చే వరం అందరికీ లేదు. మంచినీటి ఏరుల నోళ్ల దగ్గర తిరిగే మానటీలు సముద్రపు గడ్డి తిన్నా మంచినీటిని వెతుక్కుంటూ పోతాయి. ఫ్లోరిడా పడవల రేవుల్లో గొట్టాలనుంచి కారే నీటికి అవి నోరు పట్టడం అక్కడివారికి తెలిసిన దృశ్యమే. పసిఫిక్ ఉత్తర తీరాల సముద్రపు నీటికుక్క తినేది ఆల్చిప్పలు, పీతలు, సముద్రపు ముళ్లకాయలు. వాటి ఒంటి ద్రవం సముద్రమంత ఉప్పగానే ఉంటుంది. తన బరువులో నాలుగో వంతు దాకా రోజూ తినే ఈ జంతువు సముద్రపు నీటిని తాగుతుందనీ, మాంసకృత్తులనుంచి పుట్టే యూరియాను కడిగి పంపడానికి అది తోడ్పడుతుందనీ కోస్టా 1982లో చూపాడు. మూత్రపిండాన్ని నమ్ముకోక తప్పని జీవి ఇది.

బలీన్ తిమింగలాల పరిస్థితీ ఇదే. పళ్లకు బదులు జల్లెడలాంటి రేకులతో అవి వడగట్టి మింగే క్రిల్ అనే రొయ్యల్లాంటి చిరుజీవుల ఒంట్లో నీరు సముద్రపు నీటంత ఉప్పగా ఉంటుంది. ఐస్‌లాండ్‌లో, పేరులోనే తిమింగలం ఉన్న హ్వాల్‌ఫ్యోర్దుర్ ఫియోర్డు ఒడ్డున వేటకేంద్రానికి చేరిన ఫిన్, సై తిమింగలాల నెత్తురునూ మూత్రాశయంలోని ద్రవాన్నీ సేకరించి మాగ్నుస్ కెల్డ్ ఏళ్ల తరబడి పరిశీలించాడు. సిగ్వాల్ ష్మిట్-నీల్సన్ అంతకు దాదాపు ఎనభై ఏళ్ల ముందు ఎదుర్కొన్న ఇబ్బందే ఆయనకూ ఎదురైంది, జంతువు చచ్చిన తరువాతే నమూనా చేతికి వచ్చేది. కానీ ఈసారి తిన్న క్రిల్‌లోని ఉప్పు లెక్కా, మూత్రంలోని ఉప్పు లెక్కా పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. 2003లో వెలువడిన ఆయన అంచనా ప్రకారం ఫిన్ తిమింగలం రోజుకు 974 లీటర్ల మూత్రం విడుస్తుంది, సై తిమింగలం 627 లీటర్లు. క్రిల్ వెంట లోపలికి వచ్చిన ఉప్పు ఆ నీటితోనే తిరిగి సముద్రానికి చేరుతుంది.